కొండవాలున ఇల్లు: నీటికి చూపవలసిన దారి

1880వ సంవత్సరం సెప్టెంబరు 18వ తేదీ, శనివారం. హిమాలయ పర్వతాలలోని కుమావూఁ ప్రాంతంలో, సుమారు 1,900 మీటర్ల ఎత్తున, ఒక సరస్సు చుట్టూ వెలసిన నైనీతాల్ పట్టణంలో వర్షం ఎడతెరిపి లేకుండా కురుస్తున్నది. ఆ ఉదయానికి ముగిసిన 40 గంటలలో 20 నుండి 25 అంగుళాల వర్షం, అనగా 500 మిల్లీమీటర్లకు పైగా పడినది. సరస్సుకు ఉత్తరాన ఉన్న షేర్‌కా దండా అనే కొండవాలు నుండి ఉదయం కొంత చరియ విరిగి, విక్టోరియా హోటలు వెనుక భాగంపై పడినది. చిక్కుకొన్నవారిని బయటకు తీయడానికి సైనికులు, ఉద్యోగులు, కూలీలు అక్కడకు చేరినారు. వారు పనిలో ఉండగానే మధ్యాహ్నం ఆ కొండవాలులో పెద్ద భాగం ఒక్కసారిగా కదిలి, హోటలును, దిగువనున్న కట్టడాలను, నయనాదేవి ఆలయాన్ని తుడిచిపెట్టుకొనిపోయి సరస్సు ఒడ్డుకు చేరినది. 151 మంది మరణించినారు. వారిలో ఇతరులను రక్షించడానికి వెళ్ళినవారు కూడ ఉన్నారు.

కొండ పడినది అంటే పై నుండి బండ దొర్లినదని చాలామంది అనుకుంటారు. కాని ఆ రోజున నైనీతాల్‌లో జరిగినది వేరు. మెత్తని పలక రాళ్ళు చితికి ఏర్పడిన వదులు మన్నులోకి నీరు దిగి, ఆ మన్నుకు అడుగున ఉన్న పట్టును సడలించినది. కొండను కదిలించినది బరువు ఒక్కటే కాదు, బయటకు పోయే దారి దొరకని నీరు. వృక్షాలు నిండిన కొండవాలున ఇల్లు కట్టదలచినవారు మొదట తెలుసుకొనవలసిన సంగతి ఇదే. గోడ ఎంత మందము, కప్పు ఎంత గట్టిది అనే ప్రశ్నల కంటే ముందు, "ఈ వాలున పడిన వాన ఇంతవరకు ఎటు పోతున్నది? ఇల్లు కట్టిన తరువాత ఎటు పోతుంది?" అనే ప్రశ్న వేసుకొనవలెను.

అడవి చేసే పని

అడవి కప్పిన కొండవాలున వాన పడినపుడు ఆ నీరంతా ఒకేసారి నేలను చేరదు. కొంత ఆకులపైన, కొమ్మలపైన నిలిచి తిరిగి ఆవిరి అవుతుంది. కొంత మానుల వెంట మెల్లగా క్రిందికి జారుతుంది. మిగిలినది నేలపై రాలిన ఆకుల పొర మీద పడుతుంది. ఈ ఆకుల పొర పనిని సామాన్యంగా ఎవరూ గుర్తించరు. 5 మిల్లీమీటర్ల వ్యాసం గల పెద్ద వానచినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ఇది గంటకు 32 కిలోమీటర్ల వేగం. నగ్నమైన మట్టిపై పడితే అది చిన్న సుత్తిదెబ్బ వలె మట్టికణాలను విడదీసి చిమ్ముతుంది. చిమ్మిన కణాలు వాలు ఉన్నచోట ఎగువకంటే దిగువకే ఎక్కువ దూరం పడతాయి. విడిపోయిన సన్నని కణాలు నేలలోని సూక్ష్మరంధ్రాలను మూసివేయడం వలన తరువాత పడే నీరు ఇంకక పైననే పారుతుంది. ఆకుల పొర ఉన్నచోట ఈ దెబ్బ మట్టికి తగలదు.

ఎత్తైన చెట్ల ఆకుల నుండి జారే చినుకులు కూడ నేలను చేరేసరికి మరల వేగం పుంజుకొంటాయి. కనుక చెట్లను మాత్రం ఉంచి, వాటి క్రింద గడ్డిని, పొదలను, రాలిన ఆకులను శుభ్రం చేసి నేలను ఊడ్చి ఉంచేవారు చెట్ల వలన కలిగే రక్షణలో పెద్ద భాగాన్ని తమ చేతులతోనే తీసివేస్తున్నారు.

వేళ్ళు చేసే పని రెండు విధాలు. సన్నని వేళ్ళు పైమట్టిని వల వలె పట్టి ఉంచుతాయి. పెద్ద వేళ్ళు పైమట్టిలోనుండి అడుగుపొరలోకి, రాతి పగుళ్ళలోకి దిగి, మేకులు కొట్టినట్లు పైపొరను క్రిందిపొరకు బిగిస్తాయి. ఇంతేకాక చెట్టు నేలలోని నీటిని పీల్చి ఆకుల ద్వారా ఆవిరిగా విడుస్తుంది గనుక, రెండు వానల నడుమ నేల కొంత ఆరి, తరువాతి వానను ఇముడ్చుకొనడానికి చోటు ఏర్పడుతుంది.

చెట్టును నరికిన రోజుననే ఈ మేలు పోదు. మొదలు నరికినా వేళ్ళు నేలలోనే ఉంటాయి. కాని అవి చచ్చి, కొన్ని సంవత్సరాలలో కుళ్ళి పట్టు వదులుతాయి. అందుచేత చెట్లు తీసివేసి ఇల్లు కట్టిన మొదటి రెండు మూడు వర్షాకాలాలలో ఏమీ జరగకపోవచ్చును. "ఇన్ని వానలు చూచినది, ఇక భయం లేదు" అని ఇంటివారు ధైర్యపడే సమయానికే వేళ్ళ బలం క్షీణిస్తూ ఉంటుంది.

ఇల్లు కట్టినపుడు మారేది

వాలు నేలపై చదునైన స్థలం కావలెనంటే సామాన్యంగా ఎగువ వైపు మన్నును త్రవ్వి, దానినే దిగువ వైపున పోసి మెట్టుగా చేస్తారు. దీనివలన మూడు మార్పులు జరుగుతాయి. ఎగువన త్రవ్విన చోట కొండకు అంతవరకు ఆధారంగా ఉన్న పాదం తొలగిపోతుంది. దిగువన పోసిన మన్ను వదులుగా ఉండి, వాలుపై అదనపు బరువవుతుంది. ఇంటి పునాది సగం గట్టినేలపైన, సగం పోసిన మన్నుపైన నిలుస్తుంది. గట్టినేల కదలదు, పోసిన మన్ను క్రుంగుతుంది. గోడలో మొదటి పగులు సామాన్యంగా ఈ రెండింటి హద్దు పైననే కనబడుతుంది.

నాలుగవ మార్పు నీటికి సంబంధించినది. దీనిని చిన్న లెక్కతో చూడవచ్చును. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగా ఒక లీటరు నీరు. 500 చదరపు మీటర్ల అడవి స్థలంలో గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడినదనుకుందాము. మొత్తం పడిన నీరు 25,000 లీటర్లు. అడవినేలలో దీనిలో అయిదవ వంతు పైన పారినదనుకుంటే, దిగువకు పోయేది 5,000 లీటర్లు.

ఇపుడు అదే స్థలంలో 150 చదరపు మీటర్ల కప్పుతో ఇల్లు, 100 చదరపు మీటర్ల సిమెంటు ముంగిలి ఏర్పడినవనుకుందాము. ఈ 250 చదరపు మీటర్లపై పడే 12,500 లీటర్లలో నూటికి 90 వంతులు, అనగా 11,250 లీటర్లు పైన పారుతాయి. మిగిలిన 250 చదరపు మీటర్ల చెట్లనేల నుండి వెనుకటి లెక్క ప్రకారం 2,500 లీటర్లు వస్తాయి. మొత్తం 13,750 లీటర్లు. సగం చెట్లను ఉంచినా పారే నీరు దాదాపు 2¾ రెట్లు అయినది. ఒకే వాలున ఇట్టి ఇళ్ళు 20 వెలసినచో, ఆ ఒక్క గంటలో దిగువకు అదనంగా దిగే నీరు 175 టన్నులు. ఎగువ ఇంటివాని నిర్లక్ష్యానికి దిగువ ఇంటివాడు ఫలితం అనుభవించడం ఈ విధంగా జరుగుతుంది.

పైన పారే నీరు

ఈ నీరు పల్చని పొరగా పారినంతకాలం కొద్ది మట్టినే తీసుకొనిపోతుంది. కాని వాలుపై నీరు ఎక్కువ దూరం పల్చగా పారదు. చిన్న పల్లం దొరికినచోట పాయగా చేరుతుంది. పాయలు కలిసి ఏరుగా మారుతాయి. పాయ లోతైనకొద్దీ దాని వేగం పెరుగుతుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన సూత్రం ఉన్నది. నీటి ప్రవాహం దొర్లించగల రాయి బరువు ప్రవాహవేగం యొక్క ఆరవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. అనగా వేగం రెట్టింపైతే దొర్లే రాయి బరువు రెండు రెట్లు కాదు, 2×2×2×2×2×2 = 64 రెట్లు కావచ్చును. నిన్నటి వరకు ఇసుకను మాత్రం కదలించిన పాయ, ఇంటి కప్పు నీరు వచ్చి చేరిన తరువాత గుండ్రాళ్ళను దొర్లించడంలో ఆశ్చర్యం లేదు.

కప్పు నుండి గొట్టం ద్వారా దిగే నీటిని ఇంటి వెనుక వాలుపైకి అట్లే వదలివేయడం అన్నిచోట్లా కనబడే అలవాటు. కప్పుపై విశాలంగా పడిన వానను ఒక గొట్టం చివర గుప్పెడంత స్థలంలో కేంద్రీకరించి నేలకు కొట్టడమే ఇది. కొద్దికాలంలో అక్కడ గుంట, గుంట నుండి గండి ఏర్పడతాయి. గండి క్రిందినుండి పైకి తినుకొంటూ వస్తుంది. చివరకు అది ఇంటి పునాదినే చేరుతుంది.

లోపలికి దిగిన నీరు

పైన పారే నీరు కంటికి కనబడుతుంది. లోపలికి దిగిన నీరు కనబడదు. నైనీతాల్‌ను ముంచినది ఈ రెండవదే. దీనిని అర్థం చేసికొనడానికి పాఠశాలలో నేర్చే వాలుతలం పాఠమే చాలును.

ఒక వాలుతలంపై ఉంచిన పెట్టె జారక నిలిచి ఉన్నదంటే, దానిని క్రిందికి లాగే బలం కంటే ఘర్షణ ఎక్కువగా ఉన్నదని అర్థం. ఘర్షణ, పెట్టె తలాన్ని ఎంత గట్టిగా నొక్కుచున్నదో దానిపై ఆధారపడుతుంది. కొండవాలుపై మన్ను కూడ ఇట్టి పెట్టెయే. 30 డిగ్రీల వాలుపై 2 మీటర్ల లోతు మన్ను ఉన్నదనుకుందాము. ఆరిన మన్ను ఘనపు మీటరు 1.8 టన్నులు తూగుతుంది. వాలుతలంలో ఒక చదరపు మీటరుపై నిలిచిన మన్ను బరువు సుమారు 3.12 టన్నులు. దీనిని రెండు భాగాలుగా విడదీస్తే, వాలు వెంట క్రిందికి లాగే బలం 1.56 టన్నులు, తలాన్ని నొక్కే బలం 2.70 టన్నులు. ఘర్షణ గుణకం 0.7 అయితే నిలిపి ఉంచే బలం 1.89 టన్నులు. లాగే బలం కంటే ఇది ఎక్కువ గనుక వాలు నిలుస్తుంది.

ఇపుడు వాన కురిసి అడుగు మీటరు మన్ను నీటితో నిండినదనుకుందాము. మన్ను బరువు కొద్దిగా పెరిగి లాగే బలం 1.65 టన్నులవుతుంది, నొక్కే బలం 2.85 టన్నులవుతుంది. కాని రంధ్రాలలో నిండిన నీరు తన ఒత్తిడితో పైమన్నును 0.75 టన్ను మేరకు ఎత్తి పట్టుతుంది. అందుచేత నిజంగా మన్ను తలాన్ని నొక్కేది 2.10 టన్నులు మాత్రమే. ఘర్షణ 1.47 టన్నులకు పడిపోతుంది. లాగే బలం 1.65, ఆపే బలం 1.47. వాలు నిలువదు. రెండు మీటర్ల మన్ను అంతా నీటితో నిండితే లాగే బలం 1.73 టన్నులు, ఆపే బలం 1.05 టన్నులు మాత్రమే అవుతుంది.

మన్ను రంధ్రాలలోని నీటి ఒత్తిడి మన్ను పట్టును ఈ విధంగా తగ్గిస్తుందని స్పష్టపరచి, నేటి మృత్తికా యంత్రశాస్త్రానికి పునాది వేసినవాడు కార్ల్ టెర్జాగీ అనే ఇంజనీరు (1883-1963). ఆయనకు పూర్వం కొండచరియలు పడడానికి "నీరు మన్నును జారుడుగా చేస్తుంది" అని కారణం చెప్పేవారు. నిజానికి నీరు నూనె వలె పనిచేయడం లేదు. అది మన్నును లోపలినుండి ఎత్తి పట్టి, దాని బరువులో కొంత భాగాన్ని తాను మోస్తున్నది. ఆ మేరకు ఘర్షణ తగ్గుతున్నది.

ఈ లెక్కలో వేళ్ళను చేర్చి చూడవచ్చును. జారుడు తలం గుండా దిగిన వేళ్ళు చదరపు మీటరుకు అర టన్ను పట్టు ఇచ్చినవనుకుంటే, సగం తడిసిన వాలులో ఆపే బలం 1.47 నుండి 1.97 టన్నులకు పెరుగుతుంది. లాగే బలం 1.65. వాలు నిలుస్తుంది. అదే వాన, అదే కొండ, అదే మన్ను. చెట్లు ఉంటే నిలిచినది, లేకుంటే కూలినది. కాని మన్ను పూర్తిగా నీటితో నిండినపుడు వేళ్ళను కలుపుకొన్నా ఆపే బలం 1.55, లాగే బలం 1.73. అపుడు చెట్లతో సహా కొండ జారుతుంది. కనుక "చెట్లు ఉన్నవి గదా" అని నీటి సంగతి మరచిపోవడం కూడ ప్రమాదమే. చెట్లు, కాలువలు రెండూ కావలెను. ఒకటి ఉన్నదని రెండవదానిని వదులుకొనరాదు.

నైనీతాల్ నేర్చిన పాఠం

నైనీతాల్‌లో ప్రమాదానికి ముందు హెచ్చరికలు లేకపోలేదు. 1866లోను, ఆ తరువాత కూడ అక్కడ చరియలు విరిగినవి. అయినను 1840 ప్రాంతం నుండి పెరుగుతూ వచ్చిన పట్టణంలో ఇళ్ళకు, బాటలకు వాలును త్రవ్వడం ఆగలేదు. 1880 తరువాత పట్టణపు కొండవాలులపై రాతితో కట్టిన కాలువల వల విస్తరింపబడినది. శిఖరం దగ్గర పడిన వానను మన్నులోకి దిగకముందే పట్టి, చిన్న కాలువల ద్వారా పెద్ద కాలువలకు, అక్కడనుండి సరస్సుకు చేర్చడం వాటి పని. కొండవాలు భద్రతను చూచేందుకు 1927లో ఒక సంఘం కూడ ఏర్పడినది. ఏ వాలున కట్టవచ్చును, ఏ వాలున కట్టరాదు అనేది భూగర్భ పరిశీలనను బట్టి నిర్ణయించవలెనన్న ఆలోచన అక్కడ ఆ విధంగా స్థిరపడినది.

కాలువ కట్టడంతో పని ముగియదు. ఆకులతో, చెత్తతో నిండిన కాలువ కాలువ లేకపోవడం కంటే హానికరం. అది నీటిని ఒకచోటికి చేర్చి, పూడినచోట పొంగి, ఒకే బిందువులో వాలుపైకి కుమ్మరిస్తుంది. పగిలిన కాలువ అడుగునుండి నీరు నేరుగా కొండలోకి దిగుతుంది. కనుక ప్రతి వర్షాకాలానికి ముందు కాలువలను శుభ్రపరచి, పగుళ్ళను పూడ్చడం ఇంటి కప్పును సరిచూచుకొనడమంత అవసరం.

ఇల్లు కట్టేవారు గమనించవలసినవి

స్థలం ఎన్నికలో మొదట నేల చరిత్ర తెలుసుకొనవలెను. గతంలో జారిన మన్ను కుప్పపై కట్టిన ఇల్లు మరల జారడానికి సిద్ధంగా ఉన్నట్టిదే. వాలు మధ్యలో గిన్నెవలె లోతుగా ఉన్న పల్లాలు నీరు చేరేచోట్లు గనుక అవి ఇంటికి తగవు. వానాకాలంలో ఊటలు పుట్టే చోటును వేసవిలో చూచి మోసపోరాదు. ఒక పూర్తి వర్షాకాలం స్థలాన్ని గమనించిన తరువాత పునాది త్రవ్వడం మేలు.

కొండను ఇంటికి తగినట్లు చెక్కుట కంటే, ఇంటిని కొండకు తగినట్లు మెట్లు మెట్లుగా కట్టడం మంచిది. పొడవు వైపు వాలుకు అడ్డంగా, సమోన్నత రేఖల వెంట ఉంటే త్రవ్వకం తగ్గుతుంది. పునాది అంతా గట్టినేలపైననే నిలువవలెను. త్రవ్విన మన్నును దిగువ వాలుపైకి నెట్టివేయక, దూరంగా చదునైన చోటికి తరలించవలెను.

ఇంటికి ఎగువన, త్రవ్విన అంచుకు కొంత దూరంలో వాలుకు అడ్డంగా ఒక కాలువ ఉండవలెను. పైనుండి వచ్చే నీటిని ఇంటిని చేరకముందే ప్రక్కకు మళ్ళించడం దీని పని. దీని అడుగు రాతితోగాని, సిమెంటుతోగాని కట్టకపోతే, మేలు చేయవలసిన కాలువే నీటిని కొండలోకి ఇంకించే గుంటగా మారుతుంది. నిటారుగా దిగే కాలువలను మెట్లు మెట్లుగా కడితే ప్రతి మెట్టు దగ్గర నీరు తన వేగాన్ని కోల్పోతుంది.

మన్నును ఆపడానికి కట్టే గోడలో నీరు పోయే రంధ్రాలు ఉండి తీరవలెను. 3 మీటర్ల ఎత్తు గోడ వెనుక పొడి ఇసుకమన్ను ఉన్నపుడు, ప్రతి మీటరు పొడవుపై అది సుమారు 2.7 టన్నుల బలంతో నెట్టుతుంది. గోడ వెనుక పై అంచు వరకు నీరు నిలిచినపుడు, తడిసిన మన్ను, నీరు కలిసి నెట్టే బలం సుమారు 6 టన్నులు. దీనిలో 4.5 టన్నులు నీటిదే. గోడను రెట్టింపు మందంతో కట్టడం కంటే, దాని వెనుక గులకరాళ్ళ పొర పోసి, గోడలో వరుసగా రంధ్రాలు విడవడం చౌక, క్షేమం కూడ. ఆ రంధ్రాల గుండా వానాకాలంలో నీరు కారుతూ ఉండడం మంచి లక్షణం. అసహ్యంగా ఉన్నదని వాటిని సున్నంతో మూసివేయడం గోడను చేతులారా పడగొట్టుకొనడమే.

వానతో సంబంధం లేని నీరు కూడ ఉన్నది. నేలలో పూడ్చిన గొట్టం నుండి నిమిషానికి ఒక లీటరు కారితే రోజుకు 1,440 లీటర్లు, నెలకు 43,200 లీటర్లు నేలలోకి దిగుతుంది. 100 చదరపు మీటర్ల స్థలంలో ఇది 432 మిల్లీమీటర్ల వర్షంతో సమానం. ఆకాశంలో మబ్బు లేకుండగనే ఆ ఇంటి క్రింద కుంభవృష్టి కురుస్తున్నదన్నమాట. స్నానపు నీటిని, మరుగుదొడ్ల నీటిని వాలులో గోతులు తీసి ఇంకించడం చదును నేలలో మంచిదే గాని, నిటారు కొండవాలులో అది అపాయకరం. ఆ నీటిని మూసిన గొట్టాల ద్వారా దిగువకు చేర్చవలెను.

చెట్ల విషయంలో, ఇంటికి తప్పనిసరి అయిన చోట తప్ప నరకరాదు. ముఖ్యంగా ఇంటికి ఎగువన, దిగువన ఉన్న చెట్ల వరుసలను, వాటి క్రింది పొదలను, ఆకుల పొరను కాపాడవలెను. త్రవ్వి విడిచిన నగ్నమైన వాలుపై వర్షాకాలానికి ముందే గడ్డి నాటవలెను. లోతుగా నిలువున దిగే వేళ్ళు గల వట్టివేరు ఇందుకు చాల అనువైనది.

కొండ ఇచ్చే సూచనలు

జారబోయే వాలు చాలసార్లు ముందుగానే సూచనలు చూపుతుంది. నేలలో వాలుకు అడ్డంగా, చంద్రవంక ఆకారంలో పగుళ్ళు ఏర్పడడం. నిటారుగా ఉన్న చెట్లు, స్తంభాలు, కంచెలు ఒరగడం. తలుపులు, కిటికీలు ఉన్నట్టుండి బిగుసుకొనిపోవడం. లేనిచోట కొత్త ఊట పుట్టడం. తేటగా వచ్చే ఊట నీరు బురదగా మారడం. గోడ రంధ్రాల నుండి కారే నీరు వానాకాలం మధ్యలో ఆగిపోవడం వీటిలో ముఖ్యమైనవి. మానుల మొదళ్ళు వంగి, పైన మరల నిటారుగా పెరిగిన చెట్లు ఉన్నచోట నేల ఎన్నో ఏండ్లుగా మెల్లగా జారుతున్నదని ఊహించవచ్చును. పెద్దవాన వేళ ఇట్టి సూచన కనబడితే సామాను సర్దుకొనడానికి నిలువక, ప్రక్కనున్న గట్టినేలకు వెళ్ళిపోవలెను. ఒకమారు కొంత చరియ పడిన తరువాత ప్రమాదం తీరినదని అనుకొనరాదు. నైనీతాల్‌లో ఉదయం పడినది కొద్దిగా, మధ్యాహ్నం పడినది పెద్దది.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

ఈ విషయాలను విద్యార్థులకు మూడు రేకు పళ్ళేలతో చూపవచ్చును. మూడింటిలోను ఒకే రకం మన్ను సమానంగా నింపవలెను. ఒకదానిలో మూడు నాలుగు వారాల ముందుగా గడ్డిగాని, రాగులుగాని దట్టంగా మొలిపించవలెను. రెండవదానిపై ఎండుటాకులు పరచవలెను. మూడవదానిని అట్లే విడవవలెను. మూడింటిని ఒకే వాలున నిలిపి, పూలకుండలకు నీరు పోసే జల్లు డబ్బాతో ఒకే ఎత్తునుండి రెండేసి లీటర్ల నీరు చల్లి, క్రిందికి వచ్చిన నీటిని సీసాలలో పట్టవలెను. ఏ సీసాలో నీరు ఎక్కువ, ఏది ముందుగా నిండినది, ఏది బురదగా ఉన్నది అనే మూడు విషయాలను విద్యార్థులు పట్టికలో వ్రాయవలెను. సీసాలను ఒక రాత్రి కదల్చక ఉంచితే అడుగున పేరిన మట్టి మందాన్ని స్కేలుతో కొలవవచ్చును. తరువాత వాలును పెంచి మరల చేసినచో వేగానికి, కోతకు గల సంబంధం వారికే తేటపడుతుంది.

పాతపాఠం, కొత్తపరీక్షలు

1880 నాటి సంగతి నేటికి ఎందుకని అనిపించవచ్చును. కాని అదే హిమాలయాలలో, పాతకాలపు చరియల మన్నుపై వెలసిన జోషీమఠ్ పట్టణాన్ని గూర్చి 1976లోనే మిశ్రా సంఘం హెచ్చరించినది. భారీ నిర్మాణాలను అరికట్టవలెను, వాలుపై చెట్లను, బండలను తొలగించరాదు, నీరు ఇంకకుండ మురుగు కాలువలు ఏర్పరచవలెను అని ఆ సంఘం సూచించినది. 2023 జనవరిలో అక్కడ వందలకొలది ఇళ్ళ గోడలు బీటలు వారి, ప్రజలు ఇళ్ళు విడువవలసివచ్చినది. వాడుక నీరు, వాననీరు సరియైన దారి లేక కొండలోకి ఇంకడం నిపుణులు పేర్కొన్న కారణాలలో ఒకటి.

తెలుగునాట హిమాలయాలు లేకపోయినను వాలులున్నవి. తూర్పు కనుమలలో విస్తారంగా కనబడే ఖొండలైటు శిల వానకు, ఎండకు త్వరగా చివికి ఎర్రమన్నుగా మారే స్వభావం కలది. విశాఖపట్నంలోను, విజయవాడలోను కొండవాలులపై ఇళ్ళు మెట్లు మెట్లుగా శిఖరాల వరకు ప్రాకినవి. 2024 ఆగస్టు 31న కుండపోత వర్షంలో విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళపై పడగా కొందరు ప్రాణాలు కోల్పోయినారు. అట్టి వాలులపై నివసించేవారిలో ఎక్కువమంది వేరొక చోట స్థలం కొనలేని పేదలే. కొండ ఎక్కవద్దని వారికి చెప్పడం తేలిక. ఎగువన కాలువ కట్టించడం, పూడిక తీయించడం, గోడలకు రంధ్రాలు ఉంచడం, మిగిలిన చెట్లను కాపాడడం కొంత శ్రమతో కూడిన పనులు. కాని అవి పట్టణ పాలకులకు, ఇరుగుపొరుగువారు కలిసి పనిచేస్తే సామాన్య ప్రజలకు సాధ్యమైనవే.

కొండపై పడిన ప్రతి వానచినుకు ఎటో ఒకవైపు దిగి తీరవలెను. మనుష్యుడు దానికి దారి చూపితే ఆ దారిన పోతుంది. చూపకపోతే అది తన దారిని తానే త్రవ్వుకొంటుంది. ఆ దారి ఇంటి ప్రక్కనుండి పోవునా, ఇంటి గుండా పోవునా అనేది ఇల్లు కట్టేనాడే నిర్ణయం కావలెను.